అక్క వేలిముద్ర

మార్చి 3

ఇవాళ కూడా ఫోన్ మూగనోము పట్టింది.

పొద్దుటి నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఎవరూ రాయలేదేమో అనుకుని సాయంత్రం చేతులు కడుక్కుని తెరిచి చూస్తే లోపల మెసేజ్‌లు గుట్టలు. కర్టెన్ల ఆవిడ అడిగి అడిగి, ఆఖరికి అలిగి, వేరే షాపు చూసుకుంటానని బెదిరించింది. బట్టలకు రంగులు వేసే మా షాపు పేజీలో నేను పెట్టిన ఫొటోలకు ఎవరెవరో మెచ్చుకోళ్ళు రాశారు. ఒక్కదానికీ గంట మోగలేదు, అద్దం మీద చిన్న గుర్తు కూడా పడలేదు. పాత ఫోన్ అద్దం పగిలినా పిలిస్తే పలికేది.

మామూలు రోజుల్లో అయితే ఇంత కంగారు పడేదాన్ని కాదు. నాటకాల మేడమ్ మెసేజ్ పెడతానంది కదా. వారంలో అంది. ఆవిడ వారం ఎప్పుడు మొదలైందో తెలియదు గానీ, నా లెక్కలో నిన్నటికే అయిపోయింది.

అసలు ఈ ఫోన్‌కీ నాకూ మొదటి రోజే చెడింది. కొన్న రోజున వేలు పెట్టమంది. పెట్టాను. మళ్ళీ పెట్టమంది, కొంచెం పక్కకి పెట్టమంది, తుడుచుకుని పెట్టమంది. అలా పదివేళ్ళూ అయ్యాయి. ఇన్నేళ్ళుగా చాకలి సోడా నీళ్ళూ, మరిగే రంగులూ, ఆపైన మరకలు పోవాలని ఇటుక ముక్కతో తోమడం. నా వేళ్ళ మీద గీతలంటూ మిగల్లేదు. అక్క నవ్వి, "నువ్వు దొంగతనం చేస్తే ఎవరూ పట్టుకోలేరే చిన్నీ" అంటూ తన వేలు పెట్టింది. ఠక్కున ఒప్పుకుంది.

నేనైతే అంకెలు కొట్టి తెరవాలి. తడి చేతికి అవి కూడా సరిగా పడవు. అందుకని ఎప్పటిలాగే నేను తొట్టి దగ్గర నిలబడి చెప్తాను, అక్క తెరిచి చదువుతుంది, నా తరఫున తనే జవాబు కొడుతుంది. ఫోన్ నాది, తాళంచెవి అక్కది.

మార్చి 4

అక్క బాగుచేసింది!

మధ్యాహ్నం షాపు తలుపు దగ్గరగా వేసి, కళ్ళజోడు పెట్టుకుని, తన ఫోన్‌లో ఎవరిదో వీడియో పెట్టుకుని నా ఫోన్‌కు వైద్యం మొదలుపెట్టింది. బ్యాటరీ ఆదా చేయాలని ఈ మహాతల్లి తనంతట తనే యాప్‌లన్నిటినీ పడుకోబెడుతోందట. ఆ ఆదా తీసేసింది. నోటిఫికేషన్లకు అనుమతి ఇచ్చింది. యాప్‌ను కొత్తగా మార్చింది. ఆపి మళ్ళీ వెలిగించింది. వెలిగిందో లేదో, వడగళ్ళ వానలా టింగు టింగుమని ఒకటే మోత. నేను తొట్టి దగ్గర ఎగిరి గంతేశాను, గరిటె లోపల పడింది.

అక్క ముఖం చూడాలి అప్పుడు. ఏదో పెద్ద ఆపరేషన్ చేసి బయటికి వచ్చిన డాక్టరులా కళ్ళజోడు తీసి తుడుచుకుంది. వచ్చినవన్నీ చదివి వినిపించింది. మేడమ్ నుంచి ఏమైనా ఉందా అని అడిగాను. మరోసారి పైనుంచి కిందికి చూసి లేదంది.

పోన్లే, ఇకనుంచి వస్తే తెలుస్తుంది.

మార్చి 6

గంట బ్రహ్మాండంగా మోగుతోంది. కర్టెన్ల ఆవిడ, కర్టెన్ల ఆవిడ చెల్లెలు, మా పిన్ని కూతురు పంపే పిల్లి ఫొటోలు. మేడమ్ రాయలేదు.

మార్చి 8

ఆ కోటు సంగతి ఎక్కడైనా రాసి పెట్టుకోవాలి. లేకపోతే కలగన్నానేమో అని నాకే అనుమానం వచ్చేలా ఉంది.

నాటకాల కంపెనీ దర్జీ మాకు పాత ఖాతాదారే. కిందటి నెల ఒక సేనాపతి కోటు తెచ్చాడు. ఉన్ని కోటు, ఒక చెయ్యి చిరిగిపోతే కొత్త గుడ్డతో కుట్టారు. ఆ చెయ్యికి మిగతా కోటు రంగు రావాలి, పాతబడిన రంగుతో సహా. నేను మూడుసార్లు వేసి, మూడుసార్లు ఆరబెట్టి, నాలుగోసారి వెనిగర్ తగ్గించి వేశాను. దాన్ని తీసుకెళ్ళడానికి మేడమ్ స్వయంగా వచ్చింది. వాళ్ళ దుస్తుల విభాగం మొత్తం ఆవిడ చేతి కింద ఉంటుందట. కోటును కిటికీ దగ్గర పెట్టి చూసింది, ట్యూబ్‌లైటు కింద పెట్టి చూసింది, ఏది కొత్త చెయ్యో తేల్చుకోలేకపోయింది. ఎవరు చేశారంటే అక్క "మేమేనండీ" అంది. మేడమ్ అక్క చేతులు చూసి, తర్వాత నా చేతులు చూసింది. అంతే, ఇక అక్కను ఏమీ అడగలేదు.

నేను కస్టమర్లతో మాట్లాడను. అది అక్క పని. అలాంటిది ఆవేళ ఎంత మాట్లాడానో. రంగు తడిలో ఉన్నప్పుడు దాని మాట నమ్మకూడదనీ, ఆరాక గానీ నిజం చెప్పదనీ, పసుపు దీపం కింద పచ్చ రంగు ఎందుకు మోసం చేస్తుందో, అన్నీ చెప్పాను. ఆవిడ వింది. వాళ్ళ దగ్గర రంగులకని ఒక గది ఉందనీ, ఉత్తరం వైపు గోడంత కిటికీ ఉందనీ, లేనిదల్లా మనిషేననీ అంది. పచ్చల్లో కొన్ని నమూనాలు చేసి దర్జీతో పంపమంది. షాపు కార్డు మీద నా నంబరు రాయించుకుని, అవి చూశాక వారంలో మెసేజ్ పెడతానంది.

వాళ్ళ ఊరు ఇక్కడికి బస్సులో పూట ప్రయాణం. అక్కతో చెప్తే, అంత దూరంలో నీకు టీ ఎవరు పెట్టిస్తారు, ఏ గిన్నెలో ఏం కలిపావో మర్చిపోయి ఆ రంగే తాగేస్తావని నవ్వింది. నేనూ నవ్వాను.

కానీ నాకు ఆ గది కావాలి. ఇంత గట్టిగా నేను ఎప్పుడూ ఏదీ కోరుకోలేదు. మా వెనక గదిలో కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. ప్రతి రంగూ పట్టుకుని వీధిలోకి పరుగెత్తి చూసుకోవాలి.

మార్చి 11

ఇవాళ నేనే కూర్చుని సెట్టింగులన్నీ చూశాను. అనుమతి ఉంది. గంట ఉంది. బ్యాటరీ ఆదా లేదు. ఆపి వెలిగించాను. పిన్ని కూతురికి ఫోన్ చేసి, ఏదో ఒకటి పంపవే అంటే క్షణంలో పిల్లి దిగింది, టింగుమంటూ. మరోసారి పంపమన్నాను. మరో పిల్లి.

పిల్లులు వస్తున్నాయి, మేడమ్ రావడం లేదు.

కంపెనీ ఆఫీసుకు ఫోన్ చేద్దామా అని అక్కను అడిగాను. రాస్తామన్నది వాళ్ళు, మనం వెంటపడితే చులకనైపోతామంది. నాకూ అదే అనిపించింది. అడుక్కున్నట్టు ఉంటుంది.

మార్చి 13

రాలేదు.

మార్చి 14

రాలేదు. కర్టెన్లు ఆరాయి.

మార్చి 15

నచ్చలేదన్నమాట. అంతే కదా. ఫోన్ గుండ్రాయిలా ఉంది, లోకంలో ఉన్న మెసేజ్‌లన్నీ వస్తున్నాయి, అదొక్కటే రాలేదంటే ఫోన్ తప్పెలా అవుతుంది? ఆ పచ్చల్లో నాచు రంగు ఒకటి నాకే కొంచెం నల్లబడినట్టు అనిపించింది. అయినా పంపాను. ఎవరికో నా కన్నా మంచి కన్ను ఉండి ఉంటుంది. ఇన్నాళ్ళూ ఈ వీధిలో నన్ను మించినవాళ్ళు లేరని మురిసిపోయాను. ఉన్నవే రెండు షాపులు.

నా దగ్గర ఉంచుకున్న నమూనా ముక్కలన్నీ నల్ల రంగు తొట్టిలో పడేశాను. అక్క చూసింది. నన్ను మేడ మీదికి తీసుకెళ్ళి, కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టి తల దువ్వింది. చిన్నప్పుడు దువ్వినట్టు, చిక్కు దగ్గర వెంట్రుకలు వేళ్ళతో పట్టుకుని, నొప్పి తెలియకుండా. వాళ్ళ మొహం, నీ విలువ వాళ్ళకేం తెలుసంది. షాపుకు కొత్త బోర్డు రాయిద్దామంది, దాని మీద నా పేరు ముందు పెట్టిద్దామంది. మధ్యలో ఫోన్ తీసుకుని కర్టెన్ల ఆవిడకు ఏదో జవాబు కొట్టి, మళ్ళీ దువ్వెన అందుకుంది.

ఏడ్చేశాను. అక్క లేకపోతే నేనేమైపోయేదాన్నో.

మార్చి 18

దర్జీ వచ్చాడు. అంచులకు రంగు వేయమని ఇచ్చి వెళ్ళిన వాళ్ళ నాటకం తెరలు తీసుకోవడానికి. అక్క లోపల కాగితం చుడుతుంటే, నా వైపు చూసి మెల్లగా అన్నాడు.

"మేడమ్ చాలా ఆశపెట్టుకుందమ్మా. మీరు రానన్నారని తెలిసి రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మీ అక్కగారికి ఇప్పుడు ఎలా ఉంది?"

ఎవరు రానన్నారని అడిగేలోపే అక్క మూటతో వచ్చేసింది. వానొచ్చేలా ఉంది, తెరలు తడిస్తే మళ్ళీ మొదటికొస్తుందని అతన్ని ఒక రకంగా గెంటినంత పని చేసింది. ఆకాశంలో మబ్బు తునక లేదు.

వేరే ఎవరినో అనుకుని ఉంటాడు. రోజూ ఎంతమంది దగ్గరికి తిరుగుతాడు. వేరే ఎవరినో అనుకున్నాడు.

మార్చి 19

వేరే ఎవరినో అనుకున్నాడు. అక్క కూడా ఇవాళ రెండుసార్లు అదే అంది. నేను అడగకుండానే.

మార్చి 20

సబ్బు కొనుక్కొస్తానని చెప్పి ఫోన్ల బాబాయ్ దగ్గరికి వెళ్ళాను. ఎందుకు అబద్ధం చెప్పానో నాకు తెలియదు. ఫోన్ బాగుచేయించుకుంటానంటే అక్క వద్దనదు కదా.

బాబాయ్ మా వీధి మూల గదిలో ముప్ఫై ఏళ్ళుగా ఉన్నాడు, మొదట్లో రేడియోలు బాగుచేసేవాడు. ఒక మనిషి మెసేజ్‌లు మాత్రమే రావడం లేదని చెప్పాను. ఒక్క మనిషివేనా, అయితే అది ఫోన్ రోగం కాదమ్మా అని నవ్వి, అంకెలు కొట్టి ఇమ్మన్నాడు. యాప్ తెరిచి, మెసేజ్‌ల వరసను వేలితో కిందికి లాగాడు. పైన నేనెప్పుడూ చూడని ఒక గీత బయటపడింది. దాన్ని నొక్కాడు. లోపల ఒకే ఒక్క పేరు.

నాటకాల మేడమ్.

"ఇదిగో, ఇక్కడ దాచి పెట్టారు. పెట్టి, గంట కూడా ఆపేశారు. మామూలుగా తుడిచేస్తే, అవతలివాళ్ళు మళ్ళీ రాసినప్పుడు పైకి వచ్చేస్తుంది, టింగుమంటుంది. ఇలా పెడితే ఎన్ని వచ్చినా చప్పుడుండదు."

గంట ఆపేటప్పుడు ఫోన్ అడుగుతుందట, ఎంతకాలమని. ఎనిమిది గంటలు, ఒక వారం, ఎప్పటికీ. నా దాంట్లో ఎప్పటికీ అని ఉంది. రాసేవాళ్ళకు ఈ సంగతి తెలుస్తుందా అని అడిగాను. తెలియదమ్మా, వాళ్ళు రాస్తూనే ఉంటారు అన్నాడు.

తడి చేతులతో నేనే ఏదో నొక్కేసి ఉంటానన్నాను. ఉండొచ్చన్నాడు బాబాయ్. అప్పుడు మెసేజ్‌లు తెరిచాడు. అక్కడ మేడమ్ రాసినవే కాదు, వాటికి నా జవాబులు కూడా ఉన్నాయి.

ఇది ఎవరో బయటివాళ్ళు ఫోన్‌లో దూరి చేసిన పనన్నాను. బాబాయ్ కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, దూరినవాడు ఇంత మర్యాదగా రాస్తాడా తల్లీ అన్నాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. ఆ జాలి నాకు నచ్చలేదు.

మళ్ళీ, మార్చి 20

నా వేలికి ఈ ఫోన్ తెరుచుకోదు.

మార్చి 21

ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను. అక్షరం పొల్లుపోకుండా. రేపు నేనే మెత్తబడి అలా లేదులే అనుకోకుండా.

నాలుగో తారీకున మేడమ్: "నమూనాలు అందరికీ నచ్చాయి. ఆ నాచు రంగు మరీ. నెలాఖరులోగా చేరగలరా?"

నేనట: "చాలా సంతోషమండీ. ఆలోచించుకుని చెప్తానండీ. ఉంటానండీ."

ఎనిమిదిన మేడమ్ మళ్ళీ అడిగింది. నేనట: "మా అక్క ఆరోగ్యం బాగుండటం లేదండీ. అమ్మ పోయాక నన్ను తనే పెంచింది. నాకు ఇంత పని వచ్చిందంటే తన చలవే. తను లేకుండా నేను ఉండలేనండీ. వేరే వాళ్ళను చూసుకోండి. ఉంటానండీ."

మేడమ్: "అర్థమైంది. అక్కగారు జాగ్రత్త. మనసు మారితే రాయండి, వారం ఆగుతాను."

పదిహేనున మేడమ్: "ఇక ఆగలేను. ఇంకొకరిని తీసుకుంటున్నాను. ఏమీ అనుకోకండి."

నేనట: "మంచిదండీ. ఉంటానండీ."

నేను జన్మలో ఎవరితోనూ ఉంటానండీ అనలేదు. అది ఎవరి మాటో ఈ వీధిలో అందరికీ తెలుసు.

నాలుగో తారీకంటే ఆ వడగళ్ళ వాన రోజు. ఆ టింగుల్లో ఒకటి నా గదిదే, నేను తొట్టి దగ్గర గంతులేస్తున్నప్పుడు మోగింది. ఫోన్‌కు వైద్యం చేసిన చెయ్యే దాని నోరు నొక్కింది. పదిహేనంటే తల దువ్విన రోజు. కర్టెన్ల ఆవిడకు జవాబు కొట్టిందనుకున్నాను. చూశాను, ఆ రోజు కర్టెన్ల ఆవిడకు మేమేమీ రాయలేదు.

నాచు రంగు బాగుందట. మరీ అట. నేను దాన్ని నల్ల తొట్టిలో వేశాను, అక్క చూస్తూ నిలబడింది.

మార్చి 22

ఇవాళ ఒక లేత గులాబీ రంగు చెడగొట్టాను. అక్క కస్టమరుకు నా బదులు క్షమాపణ చెప్పుకుంది. మొహం మీద చిరునవ్వు చెరగకుండా ఎంత బాగా చెప్తుందో, నేనే ఒక నిమిషం నమ్మాను.

ఇంకా ఏమీ అడగలేదు. అడిగితే తనేదో ఒక మాట చెప్తుంది, అది బాగానే ఉంటుంది, నేను ఒప్పేసుకుంటాను. ఇన్నేళ్ళూ అలాగే అయింది.

మార్చి 23

మధ్యాహ్నం షాపులో ఎవరూ లేరు. తొట్టి దగ్గర నిలబడి, ఫోన్ తెరువక్కా, చేతులు తడిగా ఉన్నాయి అన్నాను. నా చేతులు పొడిగా ఉన్నాయి. అక్క చూడలేదు, అలవాటుగా వేలు పెట్టి తెరిచింది. యాప్‌లోకి వెళ్ళమన్నాను. వెళ్ళింది. వరసను కిందికి లాగమన్నాను.

తేలు కుట్టిన దొంగలా ఉండిపోయింది.

చదువన్నాను. రోజూ చదువుతావు కదా, ఇది కూడా చదువన్నాను. చదవదేమో అనుకున్నాను. కానీ చదివింది, కళ్ళజోడు సర్దుకుని, కర్టెన్ల ఆవిడవి చదివినట్టే, మేడమ్ మాటలూ తన మాటలూ అన్నీ. తను లేకుండా నేను ఉండలేనండీ దగ్గరికి వచ్చేసరికి ఆపేసింది. ఫోన్ కౌంటరు మీద బోర్లా పెట్టింది.

క్షమించమని అంటుందనుకున్నాను. నన్ను చూసి, "ఇందులో ఏది అబద్ధమో చెప్పు" అంది.

నీ ఆరోగ్యం అన్నాను. మోకాళ్ళు నొప్పులని రోజూ ఎవరు మూలుగుతున్నారంది. ఇంకో రోజైతే నవ్వొచ్చేది.

"ఆ మాటలు నేను అనలేదక్కా."

"నువ్వెలాగూ అనవు. ఎన్నేళ్ళు చూశాను. అందుకే నేనే రాసుకున్నాను."

అక్కే ఆ తర్వాత చాలా మాట్లాడింది. రంగు తెలిసింది నాకు, మాట తెలిసింది తనకు, ఒకళ్ళు లేకుండా ఇంకొకళ్ళు సగం మనిషట. నేను వెళ్ళిపోతే ఈ కౌంటరు వెనక నిలబడి ఏం అమ్మనని అడిగింది. అక్కడివాళ్ళు నన్ను మూన్నెళ్ళు పొగిడి తర్వాత పక్కన పడేస్తారంది. అమ్మ పోయిన రోజు నేను ఎవరి ఒళ్ళో పడుకున్నానో గుర్తు చేసింది. అన్నీ నిజాలే. అందుకే నాకు ఒళ్ళు మండింది. ఇంత చక్కగా నాతో చెప్పగలిగిన మనిషి నాతో ఎందుకు చెప్పలేదు? వెళ్ళొద్దు చిన్నీ, నాకు భయంగా ఉంది అని ఒక్క మాట అని ఉంటే నేను ఆగిపోయేదాన్నేమో. ఆగిపోయేదాన్నే. ఆ ఒక్క మాట అడగడానికి బదులు నా ఫోన్ తెరిచి, నా పేరుతో, నా చేతే కాదనిపించింది.

ఆ మాట అన్నాను. "అడిగి ఉంటే ఆగేదాన్ని" అన్నాను.

అక్క మొహం అప్పుడు చూడలేకపోయాను. దెబ్బ తగలాలనే అన్నాను, తగిలింది. సంతోషం మాత్రం కలగలేదు.

మార్చి 24

ఫోన్ సెట్టింగుల్లో వేలిముద్రలని ఒక చోటుంది. రెండున్నాయి. ఒకటి అక్క కుడి చేతిది, ఇంకొకటి అక్క ఎడమ చేతిది. నాది ఒక్కటీ లేదు.

రెండూ తీసేశాను. నిజంగా తీసేయాలా అని ఫోన్ అడిగింది. అంకెలు కూడా మార్చాను.

తర్వాత మేడమ్‌కు రాశాను. జవాబు వెంటనే వచ్చింది: "ఇది మీరేనా? మీరు ఇలా రాయరే." ఆవిడకు తెలిసిన నేను అక్కే కదా. నా రాతలో అండీలు లేవు, సగం అక్షరాలు తప్పు. నేనని నమ్మించుకోవడానికి నాకు ఆధారం లేకపోయింది. చివరికి రెండు చేతులూ కిటికీ దగ్గర చాచి ఫొటో తీసి పంపాను, గోళ్ళ కింద నీలంతో సహా. ఒక నిమిషానికి ఆవిడే ఫోన్ చేసింది.

ఎవరు రాశారో చెప్పలేదు. ఇంట్లో చిన్న గందరగోళం జరిగిందన్నాను. అక్క పరువు తీయడానికి నోరు రాలేదు. ఇంత జరిగాక కూడా రాలేదు. నా మీద నాకే విసుగొచ్చింది.

ఆ ఉద్యోగం పోయింది. వచ్చినాయన చేరిపోయాడు, మంచివాడేనట. కొత్త నాటకానికి గుడ్డలు ఎక్కువున్నాయి, ఆ ఒక్క నాటకానికి సాయం చేయడానికి వస్తారా, ఆపైన సంగతి మాట ఇవ్వలేనంది. నా గదిలో ఇంకొకాయన కుర్చీ వేసుకున్నాడు, పక్కన స్టూలు ఉంది రమ్మంటున్నారు.

వస్తానన్నాను. గట్టిగా, నా నోటితో అన్నాను.

మార్చి 27

అక్కా నేనూ మాట్లాడుకుంటున్నాం. ఉప్పు అయిపోయింది. షట్టరు దించావా. అంతవరకే.

ఫోన్ ఇప్పుడు నా జేబులోనే ఉంటోంది. టింగుమన్నప్పుడల్లా అక్క చెయ్యి దానంతట అదే లేచి, మళ్ళీ కౌంటరు మీద పడుతోంది.

మార్చి 30

అక్కకు రంగులు కలపడం నేర్పుతున్నాను. అడిగింది, నేర్పుతున్నాను. నూలుకు ఉప్పు, ఉన్నికి వెనిగర్. అన్నీ రాసుకుంటోంది. తడి గుడ్డ చూసి భలే వచ్చిందంది. ఆరాక చూసి మాట్లాడు అన్నాను. గొంతు పదునుగానే వచ్చింది. అక్క తల ఊపింది.

క్షమించానని కాదు. షాపు మూతపడకూడదు.

ఏప్రిల్ 3

వారం పైగా చేతులకు తొడుగులు వేసుకునే పని చేస్తున్నాను. ఇటుక ముక్క అవతల పారేశాను. ఇవాళ ఊరికే చూద్దామని కుడి బొటనవేలు పెట్టాను. మళ్ళీ పెట్టమంది. పెట్టాను. మళ్ళీ, మళ్ళీ. విసిగిపోయి ఇంక వదిలేద్దామనుకుంటుండగా ఒప్పుకుంది.

నమ్మకం కుదరక, ఆపి తెరిచి, ఆపి తెరిచి, బ్యాటరీ సగం కాల్చేశాను. తెరుచుకున్న ప్రతిసారీ అక్కను పిలిచి చూపించబోయాను. ప్రతిసారీ గుర్తొచ్చింది.

ఏప్రిల్ 5

బస్సు కుదుపులకు అక్షరాలు వంకరపోతున్నాయి.

పొద్దున అక్క వీధిలోకి రాలేదు. కౌంటరు వెనక నిలబడి, ఎవరిదో కోటుకు బొత్తాల రంగు చూస్తున్నట్టు వంగి ఉంది. వెళ్తున్నానన్నాను. బస్సులో కిటికీ పక్కన కూర్చో, లేకపోతే కడుపులో తిప్పుతుంది నీకు అంది. కిటికీ పక్కనే కూర్చున్నాను.

ఊరు దాటిందో లేదో టింగుమంది. అక్క. ఇన్నేళ్ళలో తను నా ఫోన్‌కు మెసేజ్ పెట్టడం ఇదే మొదటిసారి. ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళం, ఎందుకు పెట్టుకుంటాం.

"చిన్నీ, ఆ నీలం దుప్పట్లకు ఉప్పు ఎంతే?"

రాసుకుంది తను. నా కళ్ళ ముందే రాసుకుంది. గోడకు అతికించుకుంది కూడా. నాకు ఏడుపొచ్చింది, దానితోపాటు కోపమూ వచ్చింది. ఇప్పుడు కూడా అడగాల్సింది అడగకుండా ఉప్పు అడుగుతోంది.

అక్షరాలు వెతుక్కుంటూ నా వేలితో రాశాను. "దుప్పటికి రెండు గుప్పిళ్ళు. నా గుప్పెడు, నీది కాదు. తడిలో చూసి కంగారుపడకు. వారం రోజులు నీ మెసేజ్‌లు నాకు వినబడవు. గంట ఆపేస్తున్నాను. నీలా కాదు, చెప్పి ఆపుతున్నాను."

పంపాను. చదివినట్టు గుర్తు పడింది. రాస్తోంది అని కనబడింది. ఆగిపోయింది. మళ్ళీ రాస్తోంది. అది పూర్తయ్యేదాకా చూస్తూ కూర్చుంటే నేను ఆపలేనని నాకు తెలుసు.

ఎనిమిది గంటలు. ఒక వారం. ఎప్పటికీ.

ఒక వారం మీద వేలు పెట్టి, ఫోన్‌ను సంచి అడుగున, చేతి తొడుగుల కింద పెట్టేశాను.